అంజిరత్ పొదిగిన వీధి

పట్టు నేసే మా ఊరు మార్గిలాన్‌లో వసంతం వచ్చిందని తెలుసుకోవడానికి చెట్ల వంక చూడక్కర్లేదు. అత్తలు కోడళ్ళను "అమ్మా" అని పిలుస్తుంటే చాలు. పట్టుపురుగు గుడ్లను పొదగడానికి సంచీలో పోసి రొమ్ముల మధ్య కట్టుకున్న మనిషితో ఎవరూ గొడవ పెట్టుకోరు. ఆమెకు కోపం వస్తే ఒళ్ళు కాగుతుంది, ఒళ్ళు కాగితే గుడ్లు మాడిపోతాయి. పురుగులు పుట్టిన మర్నాటి నుంచి మళ్ళీ మామూలే.

మా వీధిలో మాత్రం గుడ్లన్నీ అంజిరత్ పెద్దమ్మే మోసేది. ఒక్కో ఇంటి సంచీకి ఒక్కో రంగు దారం. ఆమెకు పిల్లలు లేరు. నెమ్మదస్తురాలు. పొద్దంతా ఎండ తాగిన మట్టిగోడలా ఆమె ఒళ్ళు ఎప్పుడూ ఒకే తీరున వెచ్చగా ఉండేది. పూర్వం ఎవరో రాకుమారి ఈ గుడ్లను జడలో దాచి కొండలు దాటించిందని మా ముసలమ్మలు కథ చెబుతారు. దాటించింది రాకుమారే కావచ్చు. పొదిగింది మాత్రం అంజిరత్ లాంటి వాళ్ళే. కాదన్నవాళ్ళతో నేను పోట్లాటకు సిద్ధం, ఆ హక్కు నాకుంది.

ఆమె భర్త తుర్దికుల్ కాష్గర్ వెళ్ళే ఒంటెల బిడారుకు ముందు నడిచేవాడు. మా పట్టు తానులు కొండల అవతలికి చేర్చి, అటునుంచి తేయాకు తెచ్చేవాళ్ళు. మనిషి పొట్టిగా, గుండ్రంగా ఉండేవాడు. మంచులో కూడా అంగీ ముడి వేసేవాడు కాదు. ఒళ్ళంతా పొయ్యి, నోరంతా నిప్పు. ఆయన తిట్లకు సిగ్గుపడి మొండి ఒంటెలు కూడా లేచి నిలబడేవని చెప్పుకునేవారు.

ఆ ఏడు మల్బరీ మొగ్గ తొడిగే వేళకు చలి తిరగబెట్టింది. అయినా కనుమలో దారి తెరుచుకుందని కబురొచ్చింది, ఎల్లుండి బిడారు బయల్దేరాలి. ఆ పొద్దునే పక్కింటి రోబియాకు నెలలు నిండకుండా కాన్పయింది. రోబియా మా అమ్మ. పుట్టింది నేను. రొట్టెముద్దంత ఉన్నానట. ఏడవడం కూడా చేతకాక పిల్లికూనలా కీచుమన్నానట. అమ్మకు జ్వరం పట్టుకుంది. మంత్రసాని నన్ను దూదిలో చుట్టి పక్కన పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా చేతులు కడుక్కుంది.

పెద్దమ్మ వచ్చి నా పాదాలు పట్టుకు చూసింది. "ఇది చచ్చిపోలేదు. చల్లబడింది, అంతే," అంది.

నన్ను వెచ్చబెట్టడానికి రొమ్ముల మధ్య పెట్టుకోవాలంటే గుడ్లు తీసేయాలి. పసిపిల్ల తడి తగిలితే గుడ్లు బూజు పడతాయి. పోనీ ఇంకెవరికైనా ఇద్దామంటే, ముసలివాళ్ళ ఒళ్ళు చల్లన, పిల్లతల్లులకు పాలు కారతాయి, మిగిలిన ఇద్దరు ముగ్గురూ నిద్రలో దొర్లే రకం. గుడ్లు పోతే వీధికి ఆ ఏడు పట్టు లేదు, చలికాలానికి పిండి లేదు.

పెద్దమ్మ ఇంటికెళ్ళి, ప్రయాణానికి మూట కడుతున్న భర్త ముందు నిలబడింది.

"అంగీ విప్పు."

"పట్టపగలా?"

"ఏడిశావ్. గుడ్లు నువ్వు మొయ్యాలి."

"పిచ్చి గానీ పట్టిందా? ఎల్లుండి బిడారు! అయినా మగాడు గుడ్లు పొదగడమేంటే? ఊళ్ళో తలెత్తుకు తిరగొద్దా?"

"తిరగొద్దు, పడుకో. ఒళ్ళు పొయ్యి, పొయ్యి అని నువ్వేగా చెప్పుకుంటావ్. ఇన్నాళ్ళూ ఆ పొయ్యి మీద నీళ్ళు కూడా కాగలేదు."

"నా చోటు ఇంకోడికి ఇచ్చేస్తారే."

"ఇస్తారు," అంది పెద్దమ్మ. "బిడారు మళ్ళీ వస్తుంది. రోబియా పిల్ల మళ్ళీ రాదు."

ఆయన కడుతున్న మూట పక్కకు నెట్టాడట. తర్వాత అంగీ విప్పాడు. పెద్దమ్మ సంచీలన్నీ ఆయన గుండెకు, చంకలకు కట్టి, "అరవకు. కోపం తెచ్చుకోకు. కదలకు, గుడ్లు నలుగుతాయి," అని చెప్పింది.

అలా ఒకే గదిలో మొగుడూ పెళ్ళాం చెరో బొంత కింద పొదగడానికి కూర్చున్నారు. అమ్మ పాలు పిండి పంపితే పెద్దమ్మ దూది ముంచి నా నోట్లో చుక్కలు వేసేది. బిడారు ఆయన లేకుండానే కదిలింది. ఒంటెల గంటలు వీధి చివర మలుపు తిరిగేదాకా ఆయన పళ్ళు బిగబట్టి విన్నాడు. ఇక చాయ్‌ఖానా మిత్రులకు పండగే పండగ.

"ఏం తుర్దికుల్, నొప్పులు మొదలయ్యాయా?" అని ఒకడు గుమ్మంలోంచి.

"మన పుంజు పొదుగుడు కూర్చుందిరోయ్!" అని ఇంకొకడు.

ఆయన గొంతుకు తేనె పూసుకుని, "దేవుడు నిన్ను చల్లగా చూడాలి నాయనా. నీ పేరు గుర్తు పెట్టుకుంటున్నా," అనేవాడట.

"నీది ఎలా ఉంది?" అని భార్యను అడిగేవాడు.

"ఊపిరి తీస్తోంది. నీవి?"

"ఏమో, చప్పుడు చెయ్యట్లేదు."

రోజులు గడిచినా గుడ్లు రంగు మారలేదు. పుట్టబోయే ముందు అవి బూడిద రంగుకు తిరగాలి. ఒకనాడు ఆయన గుసగుసగా అన్నాడు. "చచ్చాయేమోనే. నేను అరవలేదు. కానీ కోపం లోపల ఉంది కదా." పెద్దమ్మకూ భయమే. వీధి వీధంతా నమ్మి ఇచ్చిన గుడ్లను ఆమె ఒక్క మాట మీద ఒంటెలవాడి చంకలో పెట్టింది.

మల్బరీ మొగ్గ విచ్చిన రోజు, ఆయన గుండె మీద ఏదో పాకింది. చీమ కన్నా చిన్నది, నల్లగా. ముడి సందులోంచి ఇంకొకటి. తర్వాత లెక్కలేనన్ని. పెద్దమ్మ కోడి ఈకతో వాటిని లేత ఆకుల మీదికి దించుతుంటే ఆయన ఊపిరి బిగబట్టి కన్నీళ్ళు కార్చాడు. ఆఖరి సంచీ ఖాళీ కాగానే లేచి, అంగీ అయినా తొడుక్కోకుండా వీధిలోకి వెళ్ళి, దాచుకున్న తిట్లన్నీ పేరుపేరునా విప్పాడు.

తలుపులన్నీ తెరుచుకున్నాయి. పురుగులు పుట్టాయని ఆ తిట్లే కబురు. తిట్లు తిన్నవాళ్ళే ఏడుస్తూ వచ్చి ఆయన్ని కావలించుకున్నారు. ఆ కేకలకు పెద్దమ్మ రొమ్ముల మధ్య ఉన్న నేను ఉలిక్కిపడి, పుట్టాక మొదటిసారి గొంతు చించుకుని ఏడ్చాను. "అదిగో, నా నోరొచ్చింది దానికి!" అన్నాడట ఆయన. నిజమే, ఇప్పటికీ ఆ నోరే.

బిడారు ముందు నడిచే చోటు ఆయనకు మళ్ళీ దక్కలేదు. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ ఆఖరి ఒంటె వెనక దుమ్ము తింటూ నడిచాడు. నా ముందు ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. వచ్చిన ప్రతిసారీ దుమ్ము దులుపుకోకముందే నాకోసం ఎండుద్రాక్ష తీసేవాడు. ఆ ఇద్దరినీ తలుచుకోకుండా నేను రొట్టె తుంచను.

ఆయన ముందు పోయాడు. తన ఆఖరి చలికాలంలో పెద్దమ్మ ఒళ్ళు చల్లబడడం మొదలైంది. ఎన్ని బొంతలు కప్పినా, కుంపటి పెట్టినా వణుకే. వీధినంతా పొదిగిన ఒళ్ళు అది. నాకు కోపం ముంచుకొచ్చింది, ఎవరి మీదో నాకే తెలియదు. బొంత ఎత్తి లోపల దూరి, ఆమెను నా రొమ్ముకు ఆనించుకున్నాను. పిట్టంత అయిపోయింది.

"ఏంటే ఇది, ఊపిరాడట్లేదు," అని గింజుకుంది.

"కదలకు పెద్దమ్మా, గుడ్లు నలుగుతాయి."

ఆమె నవ్వింది. ఆ నవ్వు నా పక్కటెముకలకు తెలిసింది. "కోపం మాత్రం తెచ్చుకోకు," అంది.

"తెచ్చుకోను," అన్నాను. అప్పటికే పోయింది కోపం. ఆమె పాదాలు నా కాళ్ళ మధ్య మెల్లగా వెచ్చబడ్డాయి.