మేరాజ్ బేగం పేరు మీద

అమీరున్నీసా కూతురు అఫ్షాన్‌కు నాలుగేళ్ళు నిండాయి. ఆ పిల్ల నిలబడలేదు, ఒక్క మాటా పలకలేదు. ఏసీ మెకానిక్ భర్త మహబూబ్ సుభాని వెంట కడప నుంచి సౌదీలోని యాన్బు వచ్చిన అమీరున్నీసాకు చిన్నప్పటి నుంచీ మూర్ఛ. కడుపుతో ఉన్నప్పుడు గల్లీ చివరి క్లినిక్ డాక్టరు ఫిట్స్ మాత్రలు రాసిచ్చి, కాన్పు దాకా మానవద్దన్నాడు. బిడ్డకు ముప్పని మాటవరసకైనా చెప్పలేదు మహానుభావుడు! ఆ సంగతి జిద్దాలో డాక్టరమ్మ చెబితేనే తెలిసింది.

ఆరా తీస్తే, ఆ గల్లీ క్లినిక్‌లోనే రాసిన అవే మాత్రలు మింగిన మరో ఇద్దరు తల్లుల బిడ్డలూ ఇలాగే ఉన్నారు. ముగ్గురూ ఆరోగ్యశాఖకు ఫిర్యాదు పెట్టారు. తప్పు ఆ డాక్టరుదని ఎవరో ఒకరు పైకి అనాలి, అమీరున్నీసా కోరిక అంతే. ఈలోగా పరాయిదేశస్తుల పెళ్ళాం బిడ్డల మీద తలకింత పన్నని లెవీ పడింది. మిగతా రెండు కుటుంబాలూ ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని ఇక రాకుండా ఊరికి వెళ్ళిపోయాయి, వాళ్ళ ఫిర్యాదులు మూతపడ్డాయి. సుభాని మాత్రం చేబదుళ్ళు చేసి ఆమెను ఆపుకున్నాడు.

అసలు చిక్కు వేరే ఉంది. ఆమె కడుపుతో ఉన్నప్పుడే, సౌదీలకు కొలువులివ్వని కంపెనీలను రెడ్‌లో పెట్టే నితాఖత్ రూలు కొత్తగా వచ్చి, సుభాని కంపెనీ అందులో పడింది. అక్కడ ఉండేందుకిచ్చే పర్మిట్టు, ఇకామా, ఆగింది, దాంతో ఇన్సూరెన్సూ పోయింది. అలాంటప్పుడు మనవాళ్ళంతా చేసే పనే వీళ్ళూ చేశారు. పక్కింటి మేరాజ్ బేగం ఇన్సూరెన్స్ కార్డు పట్టుకుని క్లినిక్‌కు వెళ్ళారు. బురఖా వెనక ఎవరుంటే ఏం, కార్డు పనిచేస్తే చాలు! పెళ్ళయి ఏళ్ళు గడిచినా కడుపు పండని మేరాజ్ కూడా తోడు వెళ్ళేది. నర్సు తన పేరు పిలిచి బిడ్డ బాగుందని చెప్పినప్పుడల్లా ఆమె మురిసిపోయేది, పాపం. కాన్పు నాటికి ఇకామా చేతికొచ్చింది. అఫ్షాన్ పుట్టింది మాత్రం సొంత తల్లి పేరు మీదే, పెద్దాసుపత్రిలో.

విచారణకు పిలుపు రాగానే అమీరున్నీసా మేరాజ్ దగ్గరికి పరుగెత్తింది.

"ఆపా, ఆ కార్డు నువ్వే ఇచ్చినావని ఒక్క మాట చెప్తావా?"

"చెప్తే మా సాహెబ్‌ను లోపలేస్తారు అమ్మీ. మమ్మల్ని ఊరికి తోలేస్తారు. నేనేం చేసేది చెప్పు?" అని మేరాజ్ ఏడ్చింది. అమీరున్నీసాకు కోపం రాలేదు. ఆ ఇంటి అన్నం తిని గట్టెక్కిన రోజులు ఆమె మరిచిపోలేదు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు.

ఆఫీసులో అధికారి అరబ్బీలో అడిగినవి హైదరాబాదీ ఉద్యోగి ఆఫ్తాబ్ తెలుగులో చెప్పాడు.

"అమ్మా, ఈ గోలీలు రాసింది మేరాజ్ బేగం అనే ఆమెకు. నీ పేరు మీద ఆ క్లినిక్‌ల ఏం లేదు. ఆమెనే వచ్చి కంప్లైంట్ ఇస్తే చూస్తరంట. ఆమె బిడ్డ ఎట్లున్నదని అడుగుతున్నరు."

నిజం అమీరున్నీసా నోటిదాకా వచ్చింది. మేరాజ్ మొగుడు జైలుకు పోవడం కళ్ళ ముందు మెదిలింది. ఒళ్ళోని పిల్లను గట్టిగా హత్తుకుంది.

"ఆమెకు బిడ్డల్లేరు," అంది.

అధికారి ఏదో అని, పక్కనున్న మరో ఫైలు అందుకున్నాడు.

"అయితే ఆ గోలీలతోని ఏ బిడ్డకూ ఏం కాలేదంటున్నరు," అన్నాడు ఆఫ్తాబ్. "ఇగ పోవచ్చమ్మా."