గడికి తీసుకెళ్లిన కొబ్బరికాయ

మా ఇంట్లో నన్ను ఏడిపించాలంటే ఇప్పటికీ ఆ కొబ్బరికాయ సంగతే ఎత్తుతారు. ఎత్తనీ! అంత సంబరంగా నేను మళ్లీ ఏ ప్రయాణానికీ బయల్దేరలేదు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో పై వాటాలో కోస్తా నుంచి వచ్చి కిరాయికున్న మేము, కింద నల్గొండ పల్లె నుంచి వచ్చిన ఇంటివాళ్లు. వారానికో బంద్. టీవీలో చర్చ మొదలైతే పైన మా నాన్న, కింద వాళ్ల నాన్న పోటీపడి సౌండ్ పెంచేవారు. వాళ్లమ్మాయీ నేనూ మాత్రం కాలేజీలో ఒకే బెంచీ. మా కొట్లాటలన్నీ బస్సులో కిటికీ పక్క సీటు గురించే.

ఒక శనివారం సాయంత్రం అది మెట్ల కింద నుంచే కేకేసింది. "రేపు బంద్ లేదే! నాయనమ్మ గడికి పోదామంటుంది. నువ్వొస్తవా?"

నాకు గుడి అని వినబడింది. మా వైపు గడి అంటే పత్రికలో పదాలు నింపే చదరం, కాదంటే తలుపు గడియ. ఆదివారం పూట ఎవరైనా గడికి వెళ్తారా? తెల్లారకుండానే తలంటుకుని ఓణీ వేసుకున్నాను. అమ్మ సంచిలో కొబ్బరికాయ, అరటిపళ్లు పెట్టి, దర్శనం అయ్యేదాకా ఏమీ తినొద్దని మరీ మరీ చెప్పింది.

ఎల్బీ నగర్ చౌరస్తాలో నల్గొండ బస్సు రాగానే నేనే ముందు ఉరికి, కిటికీలోంచి కర్చీఫ్ విసిరి మూడు సీట్లు పట్టాను. బస్సు కదిలాక వాళ్ల నాయనమ్మ సర్వపిండి ముక్క నా చేతిలో పెట్టింది.

"దర్శనం కాకుండా తినకూడదండీ మామ్మగారూ."

"ఎవల దర్శనం బిడ్డా?"

"దేవుడిదండీ," అంటూ సంచిలోంచి కొబ్బరికాయ తీసి చూపించాను.

నా స్నేహితురాలు పొట్ట పట్టుకుని నవ్వింది. "గుడి గాదే పిచ్చిదానా, గడి! దొర బంగ్లా! పాత కోట లెక్కుంటది, తోటుంటది. చూసొద్దామని పోతున్నం!" కండక్టర్ కూడా నవ్వాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆకలి మాత్రం చావలేదు, సర్వపిండి మూడు ముక్కలు తిన్నాను.

మామ్మగారు నవ్వలేదు. "నీ తప్పేం లేదు బిడ్డా. మేం గూడ గట్లనే దండాలు పెట్టుకుంట పోతుంటిమి," అంది. చిన్నప్పుడు ఆమె ఆ దొర తోటకు కూలి లేకుండా నీళ్లు మోసిందట. వెట్టి. గడి ముందు నుంచి నడిస్తే చెప్పులు విడిచి చేత్తో పట్టుకోవాలి. లోపలికి వెనక తలుపు నుంచే. ఇప్పుడు వారసులు దాన్ని చూడ్డానికి వచ్చేవాళ్లందరికీ తెరిచారని విని, కొత్త చెప్పులు కొనిపించుకుంది.

"గీ చెప్పులు ఏస్కొని ముంగటి దర్వాజల నుంచి పోవాలె. గంతే. ఇంకేమొద్దు నాకు," అంది.

ఊళ్లో దిగి సందు తిరగ్గానే గడి కనబడింది. అబ్బో! ఏనుగు పట్టేంత తలుపులు, వాటి నిండా ఇత్తడి బొడిపెలు, పైన చెక్క బాల్కనీ. నా కాళ్లు నేల మీద నిలబడలేదు. పరుగెత్తుకెళ్లి గడప దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, మామ్మగారు నాలుగడుగుల అవతల ఆగిపోయి ఉంది. వంగి చెప్పులు తీసేస్తోంది.

"నాయనమ్మా, ఏందే? ఏస్కో!"

"కాళ్లు వస్తలేవే," అందామె. చెప్పులు చేతిలోకి తీసుకుంది.

పొద్దుటి నుంచీ గుడి ధ్యాసలో ఉన్నదాన్ని, పెద్దావిడ విప్పింది కదా అని ఆలోచించకుండా నేనూ విప్పేశాను. ఆమె నా పాదాల వంక చూసింది. అంతే, మొహం ఎర్రబడింది.

"ఏయ్! ఎవలు ఇడువమన్నరు నిన్ను? ఏస్కో చెప్పులు! గీడ ఎవ్వలు ఇడువొద్దు!"

మా అమ్మ కూడా నన్ను అలా కసరలేదు. హడలిపోయి కుడి ఎడమలు మార్చి మరీ తొడుక్కున్నాను. అప్పుడామె తన చేతిలో ఉన్నవి చూసుకుంది. కింద పడేసి, కాళ్లు దూర్చి, నా మణికట్టు పట్టుకుని గడప దాటింది. నాకు ఏడుపూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి.

ఇక మమ్మల్ని పట్టేవాళ్లు లేరు! రంగు అద్దాల కిటికీలు, టేకు స్తంభాలు, వెనక తోటలో రాతి కాలువలు, మామిడి చెట్లు, మోటబావి. మామ్మగారు ప్రతి బాటా నడిచింది, తాను నీళ్లు పోసిన మల్లెపాదులు ఎక్కడుండేవో చూపించింది. చివరికి ముందువైపుకు వచ్చి, దొర కూర్చునే అరుగు మీద కూర్చుని ఇంటిని కిందా మీదా చూసింది.

"గింతేనా?" అంది. "గీ ఇంటికేనా మా నాయిన జిందగంత వంగి వంగి నడిచింది?" నవ్వబోయి ఏడ్చేసింది. మేమిద్దరం చెరో పక్కనా కూర్చున్నాం.

కాసేపటికి వాచ్‌మన్ వచ్చాడు. "అమ్మా, జర లెవ్వుండ్రి. ఈడ ఫొటోలు దిగేటోళ్లున్నరు."

మామ్మగారు కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నేను ఇంక జరసేపు కూసుంట బిడ్డా," అంది. ఆయన సరేనని, వాళ్లను తోట వైపు తీసుకెళ్లాడు.