కట్టు కోయకముందు

ఉరుకుంద ఈరన్న స్వామి మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. నన్నెరిగిన ఆదోని వాళ్లు ఇక్కడే నవ్వడం మొదలుపెడతారు. పత్తి బేలు మీద కునుకు తీసి, లేచేసరికి గూడ్సుబండిలో గుంతకల్లు చేరానని నమ్మించినవాణ్ణి నేనే. ఈసారి మాత్రం ఒట్టు వేశాను.

నిన్న మధ్యాహ్నం మా అమ్మాయికి కొత్త మిక్సీ వచ్చింది. "నాన్నా, కత్తెర యాడుంది?" అని అడిగితే బీరువాలోంచి తీసి ఇచ్చాను. పెట్టె చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కట్టు తెగింది. పెట్టెలోంచి థర్మాకోల్ కీచుమంటూ బయటికొచ్చింది. దాని వెనకే కొత్త ప్లాస్టిక్ వాసన. నా నోరు ఊరుకోలేదు. "దీని లోపమేందో అడిగినావా?" అన్నాను. "కొత్తదానికి లోపమేంది నాన్నా?" అని నవ్వింది. నేను లేచి వరండాలోకి వెళ్లి కూర్చున్నాను.

ఆ ప్రశ్న నాది కాదు, నాగభూషణం శెట్టిగారిది. ఆదోని మార్కెట్ యార్డుకు పోయే దారిలో ఆయనకు టీవీలు, ఫ్రిజ్‌లు అమ్మే అంగడి ఉండేది. తెల్ల పంచె, చెవి మీద పెన్సిలు, నవ్వితే కనిపించే ఒకే ఒక వెండి పన్ను. మాటకారినని నన్ను అమ్మకాలకు పెట్టుకున్నాడు. ఆ అంగడిలో ఒక కట్టడి ఉండేది. కొనేవాడు సరేనన్న తర్వాత, పెట్టె కట్టు కోయకముందు, ఆ వస్తువు లోపం ఒకటి చెప్పాలి. చెప్పేదాకా గోడకు తగిలించిన కత్తెరను శెట్టిగారు చేతికిచ్చేవాడు కాదు. విన్న తర్వాత కూడా కావాలంటేనే కట్టు తెగేది. పత్తి అమ్ముకుని వచ్చే రైతులు ఇందుకోసమే మిగతా అంగళ్లు దాటుకుని మా దగ్గరికి వచ్చేవాళ్లు.

చేరిన కొత్తలో, శెట్టిగారు భోజనానికి వెళ్లిన వేళ, కర్నూలు దగ్గరి గూడూరు నుంచి వచ్చిన ఒక రైతుకు టీవీ అమ్మాను. ఈ టీవీలో ఎద్దు రంకె వేస్తే కొట్టంలో మీ ఎద్దు తాడు తెంపుకుంటుందని చెప్పాను. కత్తెర నేనే తీసుకున్నాను. సంగతి తెలిసిన మరునాడే శెట్టిగారు నన్ను బస్సెక్కించి ఆ ఊరికి తీసుకుపోయాడు. రైతు మమ్మల్ని చూసి కంగారుపడ్డాడు.

"ఏం శెట్టీ, ఇంత దూరం వచ్చినావు?"

"మావోడు ఒక మాట మర్సిపోయినాడప్పా. సెప్పు ఈరన్నా."

నేను తల వంచుకుని, యాంటెన్నాకు ఎత్తైన గడ లేకపోతే ఇక్కడ బొమ్మ సరిగా రాదని చెప్పాను. రైతు పగలబడి నవ్వాడు. "రాత్రి నుంచి సుక్కలే సూస్తాండాము. ఎద్దు మాత్రం పలకలేదు" అన్నాడు. గడ మేమే పాతి వచ్చాం. తిరుగు బస్సులో శెట్టిగారు అన్నాడు: "నువ్వు కోతలు కొయ్యి, నాకేం కోపం లేదు. మంది నవ్వుకుంటారు. లోపం దాసిపెట్టి కోసినావు సూడు, అది వద్దు."

ఇరవై ఏళ్లు ఆ మాట మీదే బతికాను. తర్వాత అవే సరుకులు అమ్మే విదేశీ కంపెనీ వచ్చింది. దాని పేరుకు మా నోరు తిరగక, ముందువైపంతా గాజే కాబట్టి గాజంగడి అన్నాం. లోపల గోడంతా ఆసియా పటం, దాని మీద ఎర్ర చుక్కలు. చైనాలో తెరిచాం, మలేషియాలో తెరిచాం, ఇప్పుడు మీ ఊరు అని బెంగళూరు నుంచి వచ్చిన మేనేజరు చెప్పాడు. మా ఆదోని కూడా ఒక చుక్క అయినందుకు నాకు ఛాతీ ఉబ్బిందని ఒప్పుకోవాలి. శెట్టిగారి అంగడికి గిరాకీ పోయింది. ఆయనే నన్ను పిలిచి, "ఆడికి పో అప్పా, పిల్ల సదువుకుంటాంది" అన్నాడు. ఆర్నెల్లకు అంగడి మూసి, భార్య రాజేశ్వరమ్మ పుట్టిల్లున్న ఎమ్మిగనూరుకు కాపురం మార్చాడు.

గాజంగడిలో మాకు మొదట నేర్పింది, 'లేదు', 'కాదు' అనే మాటలు నోట రాకూడదని. నేను ఆ చదువులో మొదటివాణ్ణి.

ఎండాకాలం మొదట్లో శెట్టిగారు గాజంగడికి వచ్చాడు. రాజేశ్వరమ్మకు షుగరు ముదిరి ఇన్సులిన్ పెట్టారు. దాన్ని చల్లగా ఉంచడానికి చిన్న ఫ్రిజ్ కావాలి. స్టెబిలైజర్ అక్కర్లేదని కంపెనీ చాటుకుంటున్న రకం దగ్గర ఆగాడు.

"మా ఈదిలో కరెంటు సంగతి నీకెరికే కదా. దీని లోపమేంది ఈరన్నా?"

లోపం నాకు తెలుసు. నందవరం నుంచి అప్పటికే రెండు వెనక్కి వచ్చాయి. కరెంటు తగ్గినప్పుడు లోపల దీపం వెలుగుతూనే ఉంటుంది, చల్లదనం ఆగిపోతుంది. తలుపు తీసినవాడికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. నా వెనక మేనేజరు నిలబడి ఉన్నాడు.

"ఏ లోపమూ లేదు శెట్టిగారూ."

ఆయన తలుపు తీసి లోపలికి చూశాడు. "లోపం లేని మిషను నేనింతవరకు సూడలే. వచ్చిందేమోలే. నువ్వు సెప్తాండావు కదా" అన్నాడు. కట్టు నేనే కోశాను.

ఆ ఎండల్లో ఫ్రిజ్ పగలు ఆగుతూ రాత్రి నడుస్తూ వచ్చింది. దీపం మాత్రం ఆరలేదు. ఇన్సులిన్ చెడిపోయింది. చెడిపోయిన మందే ఆ తల్లి రోజూ పొడిపించుకుంది. ఒళ్లు తెలియని మనిషిని కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయారు. ప్రాణంతో తిరిగి రాలేదు. ఆమె పోయిన పదోరోజు వెళ్లి శెట్టిగారి ముందు కూర్చున్నాను. ఆ లోపం నాకు ముందే తెలుసని చెప్పాను. ఆయన లేచి లోపలికి పోయి, పాత అంగడి కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇంకొకరికైనా లోపం ముందే సెప్పు" అన్నాడు. రెండేళ్లకు గాజంగడి కూడా ఎత్తేశారు. పటం మీద చుక్క ఎవరు చెరిపారో తెలియదు. నా దగ్గర కత్తెర మిగిలింది.

ఒట్టు వేశాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. నిన్న అమ్మాయికిచ్చిన ఈ కత్తెర ఆయన ఇచ్చింది కాదు, ఆదోని బజారులో నేనే కొన్నది. పదోరోజు ఎమ్మిగనూరులో బస్సు దిగిన మాట నిజం. ఆ వీధి మలుపు దాకా నడిచిన మాటా నిజం. ఇంటి ముందు ఎండలో తలుపు ఊడదీసిన ఫ్రిజ్ పడి ఉంది. పక్కనే ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. నేను వెనక్కి తిరిగి అదే బస్సెక్కాను. ఆ వానాకాలంలోనే ఆయన పోయాడు. నాకు తెలుసన్న సంగతి తెలియకుండానే పోయాడు.

నా కథకున్న లోపం ఇది, కట్టు కోయకముందు చెప్పవలసిన మాట.