వేడెక్కాక తీసిన గీత

ఇవాళ ఉదయం ఏడుంబావుకి అద్దంకిలో మా వీధి చివర పశువుల డాక్టరు గారు బండి ఆపి, గేదెలకు సూది వేసే వీర్యం నిలవుంచే క్యాను మూత తీశారు. ద్రవ నత్రజని పొగ తెల్లగా అంచు దాటి నేల మీదికి జారింది. ఆ చల్లదనం పాదాలకు తగిలినప్పుడు వసుంధర మేడం గుర్తొచ్చారు. ఆవిడ పోయి మూడు నెలలైంది.

రెండువేల సంవత్సరం ప్రాంతంలో గుంటూరులో ఆవిడ దగ్గర ఫిజిక్సు పరిశోధన చేశాను. రాగి లవణపు స్ఫటికాన్ని అయస్కాంత ధ్రువాల మధ్య పెట్టి మైక్రోవేవ్ తరంగాలు పంపితే, ఒకానొక అయస్కాంత బలం దగ్గర స్ఫటికం వాటిని పీల్చుకుంటుంది. అది కాగితం మీద గీతగా పడుతుంది. చల్లబరచడానికి నత్రజని పశువుల ఆసుపత్రి నుంచి తెచ్చుకునేవాళ్ళం. "గేదెల కోసం తెప్పించింది మీ రాళ్ళకి పోస్తన్నాం. అవేమన్నా ఈనతాయా మేడం?" అనేవాడు కాంపౌండరు. "ఈనితే జున్ను మీకే పంపిస్తాలెండి" అనేవారావిడ.

బాగా చల్లబరిస్తే ఆ స్ఫటికంలో ఒక గీత రెండుగా విడిపోతుందని, అంటే దాని అయస్కాంత స్వభావమే మారుతుందని, మేడం అంతకుముందు ఒక పేపరు రాశారు. ఆవిడకు పేరు తెచ్చింది అదే. రీడరుగా ఉన్న ఆవిడకు ప్రొఫెసర్ పోస్టు ఇంటర్వ్యూ దగ్గరపడింది. ఆ ప్రయోగాన్నే నేను మళ్ళీ చేస్తే నాకూ రెండు గీతలొచ్చాయి. భోజనానికి వెళ్ళొచ్చేసరికి స్ఫటికం మామూలు వేడికి వచ్చింది. ఊరికే ఇంకోసారి గీత తీశాను. అప్పుడూ రెండే. చలివల్ల విడిపోయినవైతే మళ్ళీ కలవాలి.

మేడం స్ఫటికాన్ని భూతద్దం కింద చాలాసేపు చూశారు. "పగిలిందమ్మా. రెండు ముక్కలూ కాస్త పక్కకి తిరిగి, దేని గీత అది ఇస్తోంది." భూతద్దం పక్కన పెట్టి, "నేనప్పుడు వేడెక్కాక చూడలేదు" అన్నారు.

కొత్త స్ఫటికాలను నెమ్మదిగా చల్లార్చి చూశాం. అన్నిట్లోనూ ఒకటే గీత.

పక్క గది రీడరు గారు తలుపు దగ్గరగా వేసి, "ఆ తప్పు సంగతి ఇంటర్వ్యూ అయ్యాక రాద్దురుగానీ మేడం. ఇప్పుడెవరు చూడొచ్చారు?" అన్నారు.

"నేను చూశాను గదండీ. ఈ అమ్మాయీ చూసింది."

తన పేపరు తప్పని ఆవిడ ఆ వారమే దాన్ని అచ్చేసిన పత్రికకు రాశారు. ఇంటర్వ్యూలో దాని గురించే అడిగారట. పోస్టు రాలేదు. రీడరుగానే రిటైరయ్యారు. ఆ విషయం మా మధ్య మళ్ళీ రాలేదు.

నేనిప్పుడు డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతున్నాను. ప్రాక్టికల్స్‌లో వేడి చేస్తూ తీసిన రీడింగులను చల్లారేటప్పుడు కూడా తీయమంటాను. పిల్లలు విసుక్కుంటారు, తీస్తారు.

మేడం పోయాక ఆ మొదటి పేపరు కోసం వెతికాను. దాని పక్కనే ఆవిడ రాసిన దిద్దుబాటు కనిపించింది. దాన్ని ఇప్పుడెవరూ ఉదహరించడం లేదు.