రాజవ్వ కడుపులో ఏముంది?

1992 ఎండాకాలం. సిద్దిపేటలో ఒక దవాఖానలో, ఆడవాళ్ళ సర్జికల్ వార్డులో నేను స్టాఫ్ నర్సుని. చింతమడక దిక్కు పల్లె నుంచి రాజవ్వ అనే ముప్పై ఏళ్ళ మనిషిని ఆటోలో తెచ్చారు. కడుపు ఉబ్బి బిర్రుగా ఉంది. ఆగకుండా వాంతులు. వెంట వచ్చిన మరిది సత్తయ్య ఆమె బతుకుతుందా అని అడగలేదు.

"ఎన్నో నెల సిస్టరమ్మా? మా అన్న బొంబాయికి పోయి ఏడాది దాటింది. ముందుగాల గది చెప్పున్రి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అతన్ని బయటికి పంపి రాజవ్వనే అడిగాను. నెలసరి తప్పలేదట. కొన్నాళ్ళుగా దొడ్డికి సరిగ్గా రాక కడుపు పెరుగుతూ వచ్చింది, రెండు రోజులుగా గాలి కూడా పోవడం లేదు. పైగా ముందురోజు సత్తయ్యా ఇంట్లోవాళ్ళూ కలిసి కడుపు పోవాలని ఏదో కషాయం పట్టించారు.

"ఒద్దన్న సిస్టరమ్మా. చేతులు వట్టుకొని పోసిన్రు."

పేగు మూసుకుపోయిన మనిషికి కషాయం! మనుషులేనా వీళ్ళు?

డాక్టరుగారు పరీక్ష చేసి, గర్భం కాదని తేల్చి ఎక్స్-రే తీయించారు. పేగుల నిండా గాలీ నీళ్ళూ ఉన్నాయి. ఎప్పుడైనా రక్త విరేచనాలు అయ్యాయా అని అడిగారు.

"పెండ్లైన కొత్తల అయినయి సార్, నెల దినాలు. గసొంటియి ఎవలకు చెప్తం? ఆగినయి, మర్చిపోయిన."

అది అమీబా అనే క్రిమి చేసిన పని. క్రిమి ఎప్పుడో పోయింది. అది చేసిన పుండ్లు మానిన చోట పేగు మచ్చకట్టి, ఏళ్ళ తరబడి బిగుసుకుంటూ వచ్చింది. దాన్ని స్ట్రిక్చర్ అంటారు. తర్వాత వచ్చిన బయాప్సీ, అంటే ముక్క పరీక్ష, అదే చెప్పింది.

ఆపరేషన్ చేసి పాడైన పేగు తీశారు. తీసినదాన్ని ట్రేలో పెట్టి బయట ఉన్నవాళ్ళకు చూపించడం మా దగ్గర ఆనవాయితీ. ఎప్పుడూ ఆయా చూపిస్తుంది. ఆ రోజు నేనే తీసుకుపోయాను. సత్తయ్య మొహం తిప్పుకున్నాడు.

"ఇటు సూడు! మీ వదిన కడుపుల ఉన్నది గిదే. చిటికెన వేలు గూడ దూరదు. కషాయం పోసి సంపుతుంటివి గదా!"

"ఊరంత అనవట్టె సిస్టరమ్మా, నేనేం జేద్దు?"

"ఊరు పొయ్యలే. నువ్వు పోసినవ్!"

కుట్లు విప్పిన రోజు రాజవ్వకు ఇదంతా గొప్పగా చెప్పాను. ఆమె నవ్వలేదు.

"ఆయన ఒక్కడే సూసిండు సిస్టరమ్మా. మా వాడకట్టంతటికి నేనేం సూపియ్యాలె? నా పెనిమిటికి కబురు గూడ పోయింది."

ఏడుపొచ్చింది, దానికంటే ఎక్కువ కోపమొచ్చింది.

రక్త విరేచనాలు ఆగినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత ఉబ్బిన కడుపుతో ఏ ఆడమనిషి వచ్చినా, "ఎన్నో నెల" అని ముందుగా నోరు తెరిచినవాణ్ణి గడప అవతలికి పంపేదాన్ని. ఆమె చెప్పేది పూర్తయ్యేదాకా ఎవరినీ లోపలికి రానిచ్చేదాన్ని కాదు. కోపిష్టి సిస్టర్ అని పేరు పడింది. పడనీ.