జీడిపప్పు క్లాసు

మా ఆసుపత్రి యాజమాన్యానికి ఉన్నట్టుండి సిబ్బంది ఆరోగ్యం మీద ప్రేమ పుట్టింది. వారం రోజుల "వెల్‌నెస్ ప్రోగ్రామ్" అని నోటీసు అంటించారు. ఎప్పుడయ్యా అంటే, మధ్యాహ్నం భోజనాల వేళ. మిగతా టైములో మాకు పనుంటుంది, ఆ వేళ అయితే ఖాళీగా తింటూ కూర్చుంటామని ఏదో పెద్ద బుర్ర కనిపెట్టింది. నోటీసు చదివి నాకు ఒళ్లు మండిపోయింది.

అసలు మేం ఏనాడు కూర్చుని తిన్నాం గనక. విజయనగరంలో ఓ మాదిరి ప్రైవేటు ఆసుపత్రి మాది. ఆడవాళ్ల వార్డులో నర్సుని నేను. మందుల బీరువా వెనక నిలబడి, క్యారేజీ గిన్నె చేత్తో పట్టుకుని నాలుగు ముద్దలు మింగేసరికి ఎవరో ఒకరు "సిస్టర్" అని కేకేస్తారు. సెలైన్ అయిపోయిందనో, ఫ్యాను తిరగడం లేదనో. ఫ్యానుకి నేనేం చేస్తాను? అయినా వెళ్లాలి.

నా సంగతి సరే, మా ఇన్‌ఛార్జి సిస్టరుది మరీ అన్యాయం. సాలూరు మనిషి. మేమంతా అక్కా అని పిలుస్తాం. ఆవిడకి చక్కెర జబ్బు. అన్నానికి ముందు ఇన్సులిన్ సూది వేసుకోవాలి, వేసుకున్నాక ఆలస్యం చేయకుండా తినాలి. ఆవిడ సూది వేసుకోవడమూ, కింద నుంచి ఫోను రావడమూ ఒకేసారి జరిగేవి. వెళ్లి తిరిగొచ్చేసరికి ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు. "సూదేసుకొని తినకపోతే పడిపోతావు అప్పా" అని పేషెంట్లని కోప్పడేదీ ఆవిడే. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టుంది నీ పని అంటే, "నువ్వెల్లి ఆ ఫోనెత్తవే ముందు" అనేది. ఏదో ఒక రోజు నా కళ్ల ముందే పడిపోతుందని నాకు నిజంగా భయంగా ఉండేది.

మొదటి క్లాసు రోజు రానే వచ్చింది. సగం మంది వార్డుల్లో ఉండాలి, సగం మంది పైన మీటింగు హాల్లో ఉండాలి. నేర్పే కుర్రాడు విశాఖపట్నం నుంచి వచ్చాడు. తెల్ల లాల్చీ, మెత్తటి గొంతు. వింటుంటేనే నిద్రొచ్చే గొంతు. మా ఫోన్లన్నీ బయట బల్ల మీద పెట్టించాడు. క్లాసు జరిగేటప్పుడు ఎవరూ పిలవకూడదని మేనేజరు గారి ఆర్డరు. ఫొటోలు యాజమాన్యానికి వెళ్లాలి మరి.

ఒక్కొక్కరి అరచేతిలో ఒక్కో జీడిపప్పు పెట్టాడు. "దీన్ని ఇంతకుముందెన్నడూ చూడనట్టు చూడండి" అన్నాడు. మా ల్యాబు పిల్లది పలాస పక్క. పుట్టినప్పటి నుంచీ జీడిపప్పు మధ్యే పెరిగింది. అరచెయ్యి అటూ ఇటూ తిప్పి, "ఇది గుండు కాదు సారూ, బద్ద. సగమే ఉన్నాది. మిగతా సగం ఏది?" అంది. అతను చిన్నగా నవ్వి, ఉన్న సగాన్నే ఆస్వాదించమన్నాడు.

వాసన చూశాం. చెవి దగ్గర పెట్టుకుని విన్నాం కూడా. ఇక నాలుక మీద పెట్టుకోండి, కొరకొద్దు అంటున్నాడు, ఇంతలో పక్క నుంచి ఓ చెయ్యి వచ్చి నా పప్పు పట్టుకుపోయింది. చూస్తే అక్క. తన పప్పు ఎప్పుడో నమిలేసింది. నుదుటి నిండా చెమట.

"అమ్మా, తొందరపడకూడదు. ఆకలిని గమనించాలి" అన్నాడతను.

"బాబూ, క్లాసు బేగి అయిపోద్దనుకొని సూదేసుకొని వచ్చినాను. ఇంకాసేపు నాను ఈ పప్పుని సూస్తే, ఆనక నువ్వు నన్ను సూడాలి" అంది అక్క.

నేను పరుగెత్తి పంచదార నీళ్లు కలిపి తెచ్చాను. కుర్రాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. అక్క తేరుకున్నాక, నాకు కోపమూ తిక్కా ఒకేసారి వచ్చాయి. "సార్, ఈ మనసు పెట్టి తినడం పప్పుకేనా? అన్నానికి పనికిరాదా?" అని ఎంతో వినయంగా అడిగాను. పనికొస్తుందన్నాడు పాపం. అయితే రేపటి నుంచి క్యారేజీలు పట్టుకొస్తామన్నాను.

అలా మొదలైంది మా సాధన. కుర్చీలు, ఏసీ, పిలిచేవాడు లేడు. మొదటి ముద్ద కళ్లు మూసుకుని, ఫొటో అవగానే తెరిచి. మౌనంగా తినాలన్నాడు గానీ, అంతమంది నర్సులు ఒకచోట చేరితే మౌనమెక్కడిది? నాలుగు రోజులు పోయేసరికి అతనూ కంచం పట్టుకు కూర్చున్నాడు. అక్క చేసిన అరటికాయ కూర తిని, ఇందులో ఆవ ఎప్పుడు కలుపుతారండీ అని అడిగాడు. అక్క మధ్యాహ్నం పూట చెమట లేకుండా, నవ్వుతూ కనిపించడం అదే మొదలు. నాకెంత సంతోషంగా ఉండేదో చెప్పలేను.

ఆఖరి రోజున ల్యాబు పిల్ల ఎండుచేపల కూర తెచ్చింది. అసలే తలుపులు బిగించిన ఏసీ గది. సరిగ్గా ఆ వేళే మేనేజరు గారు వచ్చి, తలుపు తీసి, గుమ్మంలోనే ఆగిపోయాడు. మేం నోట్లో ముద్దలతోనే ఠక్కున కళ్లు మూసుకున్నాం.

"ఏమిటీ వాసన?"

"ఈరోజు వాసన మీద ధ్యానం సార్" అన్నాడు కుర్రాడు మెత్తగా. మాతో సావాసం చేసి బాగానే తయారయ్యాడు.

మేనేజరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ప్రోగ్రామ్ వల్ల ఏం మార్పు వచ్చిందో చెప్పమన్నాడు. ఒత్తిడి తగ్గింది, మనసు ప్రశాంతంగా ఉంది అని తలో మాటా అప్పజెప్పాం. అక్క వంతు వచ్చేసరికి ఆయన జేబులో ఫోను మోగింది. ఆయన ఫోను బయట పెట్టమనే మొగాడెవడు? విని, "సిస్టరు గారూ, ఏదో డిశ్చార్జి ఫైలు కనబడటం లేదట. ఒకసారి కిందికెళ్లి రండి. రేపటి నుంచి ఎలాగూ మామూలే కదా" అన్నాడు.

అక్క అప్పుడే సూది వేసుకుని అన్నం మీద పులుసు పోసుకుంది. నేను వెళ్తానని లేవబోతే, ఎడంచేత్తో నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"అన్నం తింతన్నానని సెప్పండి సారూ" అంది ఆయనతో. "రేపొచ్చి అడిగినా ఇదే సెప్పండి."

మేనేజరు ఫోను చెవి దగ్గర పెట్టుకుని అక్క కంచం వైపు చూశాడు. తర్వాత, "ఆవిడ అన్నం తింటున్నారు. ఫైలు మీరే వెతకండి" అని పెట్టేశాడు. అక్క అప్పటికే పులుసన్నం కలిపి నోట్లో పెట్టుకుంది.