సాగిన గ్రూపు ఫొటో

నలభై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషికి ఊరికే కూర్చోవడం చేతకాదు. చూపు మందగించి, సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటివాళ్లను పిలవాల్సి వచ్చేసరికి టైలరు కుట్టుమిషను మీద గుడ్డ కప్పేశాడు. అదే దుకాణంలో వీధి వైపు సగంలో కోడలు ఫొటో ప్రింట్ల కౌంటరు నడుపుతోంది. కుర్చీ అటు జరుపుకున్నాడు. మెడలో టేపు మాత్రం తియ్యలేదు.

కోడలు ఓపిక గలది. మొదటిరోజే పక్కన కూర్చోబెట్టుకుని పని చెప్పింది.

"ఫోన్లో తీసిన ఫొటోది ఒక కొలత, మన కాయితానిది ఇంకో కొలత. రెండూ కలవవు మామయ్యా. ఇదిగో, ఫిల్ అని ఉంది చూశారా, ఇది నొక్కితే కాయితం నిండా వస్తుంది, కానీ అంచులు తెగుతాయి. ఫిట్ నొక్కితే మొత్తం వస్తుంది, కానీ తెల్లగా ఖాళీ మిగులుతుంది."

"మరి ఈ మూడోది?"

"స్ట్రెచ్. దాని జోలికి పోకండి."

కత్తిరించిన గుడ్డ మళ్లీ అతుక్కోదన్న సంగతి టైలరుకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? అందుకని ఎవరు వచ్చినా ఫిట్ నొక్కేవాడు. రెండో రోజుకే ఒకాయన పాప ఫొటో వెనక్కి తెచ్చాడు. "ఇదేంటండీ, మా పాపకి పైనా కిందా కట్టు కట్టినట్టు ఈ తెల్ల పట్టీలు?" అన్నాడు.

"అడిగి చెయ్యండి మామయ్యా" అంది కోడలు.

ఆనాటి నుంచి అడగడం మొదలుపెట్టాడు. టైలరు అడిగితే ఆషామాషీగా అడగడు కదా. కళ్లద్దాలు ముక్కు మీదికి దించి, తెర మీద వేలు పెట్టి, "ఈ మోచెయ్యి ఎవరిది? ఉండాలా, పోవచ్చా? ఈ వెనక బకెట్టు మీదేనా?" అని ఆరా తీసేవాడు. ఒక్క ప్రింటు కోసం వచ్చినవాళ్లు ఇంటి భాగోతమంతా చెప్పి వెళ్లేవారు. ఒకావిడ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "కుడిపక్క చివర నిలబడింది మా తోటికోడలు. మీరు ఫిల్లే కొట్టండి" అంది. కౌంటరు ముందు వరస గుమ్మం దాటి వీధిలోకి పోయింది.

ఇలా ఉండగా, చెల్లెలు ఇల్లు మారుతుంటే సాయానికని కోడలు రెండు రోజులు వెళ్లింది. వెళ్తూ వెళ్తూ ఆ మూడోదాని జోలికి పోవద్దని మళ్లీ గుర్తుచేసింది.

మర్నాడు పొద్దున్నే హెడ్ నర్సు వచ్చింది. నిండైన మనిషి. ఆవిడ ముందు కుర్చీ కూడా ఒద్దికగా ఉంటుంది. చంకలో బంగారు రంగు అంచున్న ఫ్రేము. వెడల్పు పన్నెండు అంగుళాలు, ఎత్తు పది. ఫోన్లో వార్డు సిబ్బంది పన్నెండుమంది ఒకే వరసలో, రైలుపెట్టెలా పొడుగ్గా నిలబడిన ఫొటో.

"ఇందులో పట్టేట్టు చెయ్యండి. హాల్లో పెట్టుకోవాలి."

టైలరు ఫిల్ నొక్కి చూపించాడు. ఆ చివర ఇద్దరు, ఈ చివర ఇద్దరు మాయమయ్యారు.

"అయ్యో, ఆ చివర ఉన్నది మా పెద్ద డాక్టరు గారండీ. ఆయన్ని కోసేస్తారా?"

ఫిట్ నొక్కాడు. పన్నెండుమందీ వచ్చారు గానీ పైనా కిందా తెల్లటి ఖాళీ.

"సగం కాయితం ఉత్తదే. ఎవరో తిని వదిలేసినట్టుంది."

"ముందు ఫొటో చూసుకుని తరవాత ఫ్రేము కొనాలి గదమ్మా."

"కొన్నాను కదా. ఇప్పుడేం చేద్దాం?"

కోయకూడదు, వదలకూడదు. ఇరుకున పడ్డ టైలరు చుట్టూ ఒకసారి చూశాడు. కోడలు ఎక్కడో పాతిక మైళ్ల దూరంలో సామాన్లు సర్దుతోంది. మూడోది నొక్కాడు.

ఫ్రేము కొలతకు అచ్చుగుద్దినట్టు సరిపోయింది. కాకపోతే పన్నెండుమందీ తాడిచెట్లలా లేచారు. మొహాలు కోలగా సాగాయి, నడుములు పిడికిట్లో ఇమిడేలా అయ్యాయి. హెడ్ నర్సు ప్రింటు చేతిలోకి తీసుకుని, గుమ్మం దగ్గరికి వెళ్లి వెలుతురులో పెట్టి చూసింది. టైలరు తిట్లకు సిద్ధమయ్యాడు.

"మీ మిషను మంచిదండీ" అంది చివరికి.

సాయంత్రానికి ఆసుపత్రి సగం దుకాణంలోనే ఉంది. "హెడ్ నర్సు గారికి చేసినట్టే" అని ఒక్కొక్కరూ ఫోను చాపారు. టైలరుకు అపరాధభావం లేకపోలేదు. కానీ నడుము దగ్గర అంగుళం తగ్గించి చెప్పమని బతిమాలిన వాళ్లను అతను నలభై ఏళ్లు చూశాడు. అందరికీ నొక్కాడు.

కోడలు తిరిగొచ్చేసరికి కౌంటరు మీద ప్రింట్లు ఆరబెట్టి ఉన్నాయి. ఒకటి ఎత్తి చూసింది.

"మామయ్యా, ఈ సైకిలు చక్రాలు కోడిగుడ్లలా ఉన్నాయేంటి?"

కోడలు ఇంకోటి ఎత్తింది.

"ఈ పసిబిడ్డ పొట్లకాయలా ఉంది. మూడోది నొక్కారు కదూ?"

"వాళ్లే అడిగారమ్మా."

"అడిగితే మాత్రం?" అంది. ఆ ప్రింట్లన్నీ ఒక్కొక్కటే బోర్లా తిప్పి పెట్టింది. ఆవిడ తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఆ తరవాత మూడో రోజు హెడ్ నర్సు భర్త వచ్చాడు. బడిలో లెక్కల మాస్టారు. ఆయన చంకలోనూ అచ్చం అలాంటి ఫ్రేమే ఉంది.

"మా హాల్లో ఫొటో మీరే చేశారా? మనుషులంతా ఎత్తులో ఒకటిన్నర రెట్లు పెరిగారండీ. స్కేలు పెట్టి చూశాను."

"పొరపాటైంది మాస్టారూ."

"అది కాదు. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్న మనిషిని గోడ మీద పోల్చుకోలేకపోయాను. ఆవిడేమో మురిసిపోతోంది, చెప్పలేను. నాకొకటి విడిగా కావాలి, ఉన్నది ఉన్నట్టు. ఎవరూ తెగకూడదు, తెల్ల పట్టీ ఉండకూడదు." ఆగి, కాస్త సిగ్గుపడుతూ అన్నాడు, "ఫ్రేములు జతగా అమ్మారు."

కోడలు మామగారి వైపు చూసింది. ఇప్పుడేం చేస్తారన్నట్టు.

టైలరు ఫ్రేము తీసుకుని టేపుతో నాలుగు పక్కలా కొలిచాడు. ఫొటో వెడల్పు పది అంగుళాలకు తగ్గించి, కొలత చెడకుండా ప్రింటు తియ్యమని కోడలికి చెప్పాడు. వీధి చివర పుస్తకాల కొట్టుకు వెళ్లి ముదురు నీలం అట్ట తెచ్చాడు. దాన్ని ఫ్రేముకు సరిపడా కోసి, మధ్యలో ఫొటో అంత కిటికీ గీసి, ఇనప స్కేలు ఆనించి కత్తితో ఒకే పట్టున లాగాడు. సూది దగ్గర తడబడే చూపు ఆ పొడుగు గీత దగ్గర తడబడలేదు. కిటికీలోంచి పన్నెండుమందీ ఉన్నంత లావుగా, ఉన్నంత పొట్టిగా చూశారు. హెడ్ నర్సు నిండుగా నవ్వుతోంది.

"తెల్ల పట్టీ కాస్తా నీలం పట్టీ అయింది. అంతేగా?" అంది కోడలు. కోపం సగం కరిగింది.

"కాలరు కూడా ఉత్త గుడ్డేనమ్మా. అది లేకుండా చొక్కా వేసుకుని చూడు."

వారం తరవాత హెడ్ నర్సు స్వయంగా వచ్చి, ఆ నీలం అట్ట ఫొటో కౌంటరు మీద పెట్టింది.

"మా ఆయన దీన్ని బీరువాలో చొక్కాల వెనక దాచుకున్నారు. నాకు తెలియని రహస్యమేదో అనుకుని బయటికి లాగాను."

టైలరు కోడలి వెనక్కి ఒక అడుగు వేశాడు.

"హాల్లోది కూడా ఇలాగే మార్చండి. అందులో నా మొహం రోజూ చూస్తుంటే ఎవరిలా ఉందా అనుకున్నాను. నిన్న తట్టింది. అచ్చం మా పెద్దమ్మ కూతురు. దానికీ నాకూ పదేళ్లుగా మాటల్లేవు. పొద్దున్నే కాఫీ తాగుతూ దాని మొహం ఎవరు చూస్తారండీ?"

ఆ మాట ఆసుపత్రిలో పాకింది. ఆ నెలలో సాగిన ఫొటోలు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి, ఒక్క కాంపౌండరుది తప్ప. ఆయన పొట్టి మనిషి. తన ఫొటో బాగానే ఉందనీ, దాని గురించి ఎవరూ శ్రమపడనక్కర్లేదనీ కబురు పంపాడు.

ఇప్పుడు కౌంటరు పక్కన అట్టల బల్ల ఒకటి వెలిసింది. ముదురు ఆకుపచ్చ, ఇటుక రంగు, బూడిద రంగు దొంతర్లు. ఎవరైనా ఫ్రేము చంకన పెట్టుకుని గుమ్మంలోకి వస్తే చాలు, కోడలు తల కూడా ఎత్తదు.

"మామయ్యా, మీకోసమే" అంటుంది.